రొయ్యకు దొరికే నీటి పరీక్ష మా పిల్లలకూ కావాలి

గోదావరి డెల్టాలో కాలువల మీద, కుళాయిల మీద, చెరువుల మీద, డ్రైన్ల మీద సంతకం పెట్టే అధికారులందరికీ,

నమస్కారం.

పోయిన వేసవిలో ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, నేనూ మా వీధి ఆడవాళ్లు నలుగురూ ఆటో కట్టించుకుని వెళ్లి ఒక కాగితం ఇచ్చాం. మా ఊరి కుళాయి నీరు ఉప్పగా తగులుతోంది, పరీక్ష చేయించి అందులో ఏమేం ఉన్నాయో మాకు చెప్పండి అని అందులో రాశాం. రసీదు ఇచ్చారు, మర్యాదగా కూర్చోబెట్టారు, తాగడానికి మంచినీళ్లు కూడా ఇచ్చారు (టిన్ను నీళ్లే లెండి). రెండు వారాలు తిరక్కుండానే నా ఫోనుకు "మీ సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. మా వీధికి ఎవరూ రాలేదు, ఎవరూ సీసాలో నీరు పట్టలేదు. మళ్లీ వెళ్లాం. "సదరు గ్రామమునకు నీరు సరిపడా సరఫరా అగుచున్నది" అన్నారు. మూడోసారి రిజిస్టరు పోస్టులో పంపిన దానికి జవాబే లేదు. అందుకని ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాను. ఏ కార్యాలయం పేరూ, ఎవరి పేరూ ఎత్తను. మీలో ఎండలో కాలువగట్ల మీద తిరిగేవాళ్లున్నారు, నా క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నవాళ్లూ ఉన్నారు. మిమ్మల్ని తిట్టాలని ఈ ఉత్తరం రాయడం లేదు.

"సరిపడా" అన్న మాట దగ్గరే నాకు పేచీ. మేము అడిగింది ఎంత నీరని కాదండి, ఎలాంటి నీరని.

మా ఊరి చుట్టూ రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున రైతు టార్చిలైటు, మీటరు పట్టుకుని గట్టు మీదికి వెళ్తాడు. ప్రాణవాయువు ఎంతుంది, పి.హెచ్. (నీరు ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) ఎంతుంది, ఉప్పదనం ఎంత, అమ్మోనియా ఎంత అని చూస్తాడు. అనుమానం వస్తే సీసాలో నీరు పట్టుకుని సెంటర్లో ల్యాబుకి పరిగెత్తుతాడు. సాయంత్రానికి కాగితం చేతికొస్తుంది. భీమవరం నుంచి అమలాపురం దాకా ఏ సెంటర్లో చూసినా ఇలాంటి ల్యాబు బోర్డు కనబడుతుంది. రొయ్య తాగే నీటికి రోజూ జాతకం రాసే ఈ డెల్టాలో, అంగన్‌వాడీ పిల్ల తాగే నీటిలో ఏముందో ఆ పిల్ల తల్లికి చెప్పేవాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లకు పైగా హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని, నాకూ తెలియదు. నా సొంత మీటరు కొనుక్కునేదాకా తెలియలేదు.

కాస్త పాఠం చెప్పనివ్వండి, పాత అలవాటు. నీటి అణువు అంటే ఒక ఆక్సిజన్ తలకు రెండు హైడ్రోజన్ కొమ్ములు. ఆ కొమ్ముల మధ్య కోణం 104.5 డిగ్రీలు. తిన్నగా లేకుండా అలా వంగి ఉండబట్టే అణువుకు ఒక పక్క కాస్త ధనావేశం, ఇంకో పక్క కాస్త రుణావేశం వచ్చాయి. ఉప్పు కల్లు నీటిలో పడితే సోడియం చుట్టూ ఆక్సిజన్ పక్కలు, క్లోరైడు చుట్టూ హైడ్రోజన్ పక్కలు మూగి దాన్ని విడదీసేస్తాయి. అణువులు ఒకదాన్నొకటి పట్టుకునేది కూడా ఆ ఆవేశాల వల్లే. ఆ పట్టే లేకపోతే ఇంత తేలిక అణువు మన ఎండలకు గాలిలో కలిసిపోవాలి. కుళ్లిన గుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడు బరువులో నీటికి దాదాపు రెట్టింపు. అయినా మైనస్ 60 డిగ్రీల దగ్గరే మరిగి వాయువైపోతుంది. నీరు మాత్రం 100 డిగ్రీల దాకా నిలబడుతుంది. (ఆ గుడ్డు వాసన వాయువును బాటనీ మాస్టారు కూడా మర్చిపోలేరు. వేసవి సాయంత్రాల్లో మా డ్రైను బురదలోంచి బుడగలుగా వస్తూనే ఉంటుంది.)

నెత్తురు చక్కెరను మోసినా, వేరు నత్రజనిని పీల్చినా, కొబ్బరిబొండంలో తీపి చేరినా నీటికున్న ఈ కరిగించే గుణం వల్లే. అదే గుణంతో నీరు దారిలో ఎదురైన ప్రతిదాన్నీ కరిగించుకుని మా గ్లాసులోకి తెస్తుంది. నీరు ఎప్పుడూ ఒంటరిగా రాదు. వెంట ఎవరొచ్చారో క్యూసెక్కులు చెప్పవు, లీటర్లు చెప్పవు.

ఇక సంగతులు వరసగా మనవి చేస్తాను.

1. ఉప్పు కింద నుంచి వస్తోంది.

తీరానికి దగ్గరగా ఉన్న మా ఇసుక దిబ్బల కింద వాననీరు ఊరి, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది, పాల మీద మీగడలాగా. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే సముద్రపు నీటిది సుమారు 1.025. ఈ కాస్త తేడా నుంచి గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వందేళ్లకు పైబడే ఒక లెక్క తేల్చారు. సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఎత్తున ఉంటే, దాని కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుంది. పై మీటరును మోటార్లు పెట్టి లాగేస్తే కింది నుంచి 40 మీటర్ల మేర ఉప్పునీరు పైకి జరుగుతుంది. ఒకటికి నలభై! జూదంలో కూడా ఇంత నష్టం రాదు. నేలకు ఈ లెక్కతో అచ్చంగా సరిపోయే పొరలుండవు, మధ్యలో బంకమన్ను అడ్డుపడుతుంది, నిజమే. కానీ దిశ మాత్రం ఇదే. మా తాత తవ్వించిన నుయ్యి నీరు తియ్యగా ఉండేది. అదే నూతి పక్కన మా నాన్న వేయించిన బోరు కొన్నేళ్లు చప్పగా ఉండి ఇప్పుడు కాఫీని విరగ్గొడుతోంది.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐ.ఎస్. 10500 ఉంది, 2012 నాటిది. కరిగిన పదార్థాలన్నీ కలిపి లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది. వేరే ఆధారం బొత్తిగా లేనిచోట 2,000 దాకా ఓర్చుకోమంటుంది. క్లోరైడు 250 లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1,000. మే నెలలో మా వీధి చివరి కుళాయి కింద నా మీటరు పెడితే 500 గీత దాటి చాలా దూరం పోయింది. నా మీటరు చవకది, దాన్ని నమ్మమని అనను. మీది తెచ్చి పెట్టండి అనే అంటున్నాను.

దీనివల్ల ఎవరికేమవుతుందంటే, ముందు తెలిసేది వంటింట్లో. "మాస్టారూ, గంటన్నర పెట్టినా కందిపప్పు బద్దలాగే ఉంటోందండీ" అని మా ఎదురింటి ఆవిడ చెప్పింది. ఉప్పుతో పాటు కాల్షియం, మెగ్నీషియం వచ్చాయన్నమాట. అవి పప్పులోని పెక్టిన్‌ను (కణాలను అతికించి ఉంచే జిగురును) పట్టుకుని మెత్తబడనివ్వవు. సబ్బు నురగ రాదు, తలకు పోసుకుంటే జుట్టు తాళ్లు కడుతుంది. మా మామ్మ తరం వాళ్లు కొత్త ఊళ్లో నీరు మంచిదో కాదో పప్పు ఉడకబెట్టి చెప్పేవారు, ఆ పరీక్ష ఇప్పటికీ తప్పలేదు. గ్యాసు బండ ఎన్నాళ్లొచ్చిందనేది కూడా నీటి కాఠిన్యం మీద ఆధారపడే ఇళ్లు మా దగ్గర ఉన్నాయి. బంగ్లాదేశ్ తీరంలో ఉప్పదనం ఎక్కువైన నీరు తాగే గర్భిణుల్లో రక్తపోటు పెరుగుతున్నట్టు అక్కడి పరిశోధకులు గమనించారు. అదీ డెల్టాయే, మనదీ డెల్టాయే. మా ఊళ్లో ఏఎన్ఎం బి.పి. పుస్తకం నిండా రాస్తోంది. ఆ పుస్తకాన్నీ నీటి అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఉన్నారా?

2. ఉప్పు పై నుంచీ వస్తోంది, పొలంలో మిగిలిపోతోంది.

ఇది రైతులకు కూడా వింతగా ఉంటుంది, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. ఎకరం వరికి పంటకాలం మొత్తం మీద సుమారు 1.2 మీటర్ల ఎత్తు నీరు కావాలనుకోండి. అంటే 48 లక్షల లీటర్లు. కాలువ నీరు ఎంత తియ్యనిదైనా లీటరుకు 200 మిల్లీగ్రాముల లవణాలు ఉన్నాయనుకుందాం. గుణించండి. ఎకరానికి ఒక పంటలో దాదాపు ఒక టన్ను లవణం చేరుతుంది. నీరు ఆవిరైపోతుంది, లవణం ఆవిరి కాదు. మరి 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టా ఉప్పు మడి ఎందుకు కాలేదు? వానలు కడిగాయి, డ్రైన్లు మోసుకెళ్లి సముద్రంలో పోశాయి. కాటన్ దొర ఆనకట్టకు దండం పెట్టేవాళ్లు ఊరూరా ఉన్నారు, నేనూ పెడతాను. మురుగు కాలువకు మాత్రం ఎవరూ దండం పెట్టరు. కాలువ అన్నం పెడుతుంది, డ్రైను ఆ అన్నంలో ఉప్పు ఎక్కువ కాకుండా చూస్తుంది.

ఆ డ్రైన్లు ఇప్పుడు గుర్రపు డెక్కతో, పూడికతో, ఆక్రమణలతో నిండి కదలడం లేదు. చివర్లో సముద్రపు పోటును ఆపాల్సిన తలుపులు తుప్పు పట్టి కొన్నిచోట్ల తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. కాబట్టి నీరు వెళ్లాల్సిన దారిలో సముద్రం లోపలికొస్తోంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రైను పక్కన మొవ్వులు రాలిపోయి మొండిగా నిలబడ్డ కొబ్బరిచెట్లను చూసినవాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు. కొబ్బరి ఉప్పును బాగానే ఓర్చుకునే చెట్టు, అదే పోయిందంటే వరి సంగతి ఏం చెప్పను? నేల ద్రావణపు వాహకత (ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే విద్యుత్ కొలత) మీటరుకు 3 డెసీసీమెన్స్ దాటినప్పటి నుంచి వరి దిగుబడి తగ్గడం మొదలై, ఆపైన పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కూ నూటికి 12 చొప్పున పడిపోతుందని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. నారు దశలో, ఈనే దశలో ఇంకా సున్నితం. ఆకు కొన ఎండితే తెగులు అనుకుని మందు కొడుతున్న కౌలు రైతును నేను చూశాను. మందుకు అప్పు చేశాడు, ఉప్పుకు మందు ఎక్కడుంటుంది? భూమిలో సోడియం ఎక్కువైతే బంకమన్ను రేణువులు విడిపోయి నేల గట్టిపడుతుంది, నీరు దిగదు. జిప్సం వేస్తే కాల్షియం వచ్చి సోడియాన్ని బయటికి తోస్తుంది, కానీ తోసిన సోడియం వెళ్లిపోవడానికి మళ్లీ డ్రైను ఉండాలి. 2011లో కోనసీమ రైతులు సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కష్టాల్లో ఈ మురుగు కష్టమూ ఉంది.

3. నీటికి ఊపిరాడడం లేదు.

లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో లీటరు మంచినీరు గాలి నుంచి పట్టుకోగలిగేది 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. చేప బతికేది ఆ చిటికెడుతోనే. ఇక చెరువు ఖాళీ చేసినప్పుడు డ్రైనులోకి వదిలే నీటిలో మేత కుళ్లు, అమ్మోనియా ఉంటాయి. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక్క మిల్లీగ్రాము నత్రజనిని బ్యాక్టీరియా నైట్రేటుగా మార్చడానికి నాలుగున్నర మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఖర్చవుతుంది. రెండు మిల్లీగ్రాములు ఉంటే ఆ లీటరు నీటికి ఊపిరి అయిపోయినట్టే. పైగా పి.హెచ్. పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. అదే 30 డిగ్రీల దగ్గర, పి.హెచ్. 7 ఉంటే నూటికి ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు, 9 దగ్గర దాదాపు సగం విషమే. ఇవన్నీ రొయ్యల రైతుకు కొట్టిన పిండి, అందుకే తన చెరువులో ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిప్పుతాడు. డ్రైనులో ఏరేటరు ఎవరు తిప్పుతారు?

గాలి మింగి బతకగలిగిన కొరమీను, మట్టగిడస తట్టుకుంటాయి. పరిగెలు తట్టుకోలేవు. డ్రైన్లలో వల వేసి పూటకింత అమ్ముకునే కుటుంబాలు మా పక్క ఊళ్లో ఉండేవి. ఇప్పుడు ఆ ఇళ్లలో మగవాళ్లు చెరువుల మీద కాపలాకు, ఆడవాళ్లు రొయ్య తలలు తీయడానికి వెళ్తున్నారు. రొయ్యల రైతు మీద నాకు పగ లేదు, మా తమ్ముడి కొడుకే రెండెకరాలు చేస్తున్నాడు, రేటు పడిపోయిన ఏడాది వాడి ముఖం చూడలేం. తీరప్రాంత చెరువుల నిబంధనలు 5 హెక్టార్లు దాటిన పెంపకానికి మురుగునీటి శుద్ధి ఉండాలంటాయి. చిన్న చెరువులకు ఆ బాధ లేదు. అమ్మోనియాకు మాత్రం హెక్టార్ల లెక్క తెలియదు. యాభై చిన్న చెరువులు ఒకే వారంలో వదిలితే అది పెద్ద చెరువే.

4. బ్లీచింగు వేశామంటున్నారు, పనిచేసిందా అని చూడడం లేదు.

వేసవిలో కాలువలు కట్టేసే (నీరు ఆపేసే) ముందు మంచినీటి చెరువు నింపుకుని వేసవంతా దానితోనే గడపడం మా దగ్గర పద్ధతి. మండే ఎండలకు ఆ చెరువు పచ్చగా మారుతుంది. నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చేయడంతో మధ్యాహ్నానికి నీటి పి.హెచ్. పెరుగుతుంది. క్లోరిన్ క్రిములను చంపేది హైపోక్లోరస్ ఆమ్లం రూపంలో. పి.హెచ్. 7.5 దగ్గర అందులో సగమే ఆ రూపంలో ఉంటుంది, 8.5 దగ్గర పదో వంతు కూడా ఉండదు. అమ్మోనియా ఉంటే అది మరో దొంగ, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజని ఏడెనిమిది మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగేస్తుంది. ఆ క్రమంలో పుట్టే క్లోరమీన్లకే ఘాటు వాసన. "వాసన వస్తోందిగా మాస్టారూ, మందు బాగానే పడింది" అన్న వాచ్‌మన్‌ను నేను తప్పుపట్టను, అతనికి ఎవరూ చెప్పలేదు. బ్లీచింగు బస్తా తడిగాలి తగిలే గదిలో మూతి విప్పి నెలల తరబడి పడి ఉంటే అందులో మిగిలేది సున్నమే. చివరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం. చివరి కుళాయి దగ్గర అండి, ట్యాంకు కింద కాదు.

5. "కాచి చల్లార్చి తాగండి."

ప్రతి వానాకాలం ఆటోలో మైకు పెట్టి చెప్పిస్తారు. మంచి మాటే, క్రిములు చస్తాయి. కానీ ఉప్పు చావదు, నైట్రేటు చావదు. నీరు మరిగి కొంత ఆవిరైపోతే మిగిలినదాంట్లో అవి ఇంకా చిక్కబడతాయి. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదని, అందులో సడలింపే లేదని ప్రమాణం చెబుతుంది. అది ఎక్కువైతే పసిపిల్లల నెత్తురు ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. నేలలో నైట్రేటుగా మారే యూరియాను బస్తాలకొద్దీ వాడే చోట పాలపొడి కలిపే తల్లికి ఈ సంగతి మైకులో ఎందుకు చెప్పరు? నీరు ఏ రకంగా చెడిందో తెలిస్తేనే కదా కాచాలో, పారబోయాలో తెలిసేది.

6. చివరికి ఖర్చు ఎవరిది?

మా ఊళ్లో ఇప్పుడు కూలివాళ్ల ఇంటి ముందు కూడా నీళ్ల టిన్ను కనిపిస్తుంది. రోజుకు ఒకటి, పది రూపాయలే అనుకున్నా ఏడాదికి 3,650 రూపాయలు. గోదావరి ఒడ్డున పుట్టి తాగే నీళ్లు కొనుక్కోవడం! ఆ టిన్ను నింపే ప్లాంటు నీరు కూడా బోరుదే. వడగట్టగా మిగిలిన చిక్కటి ఉప్పునీరు ఎక్కడికి పోతోందో చూడండి, ప్లాంటు వెనక కచ్చా కాలువలోకి. కింద ఉప్పు పెరగడానికి అదీ ఓ చెయ్యి వేస్తోంది. టిన్ను నీటిలో ఏముందో చెప్పే కాగితం ప్లాంటు గోడ మీద నాకు కనబడలేదు.

ఇంతా చేసి మేము అడిగేవి గొంతెమ్మ కోరికలేమీ కావు.

మొదటిది. గోదావరికి వరదొస్తే ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. ఈ అంకెలు లంకల్లో బడికెళ్లని ముసలమ్మకు కూడా నోటికొచ్చు, వినగానే ఏం సర్దుకోవాలో తెలుసు. తాగునీటికీ అలాంటి మూడు హెచ్చరికలు పెట్టండి. కరిగిన లవణాలు 500 దాటితే ఒకటి, 1,000 దాటితే రెండు, 2,000 దాటితే మూడు. మొదటి దానికి ఊరికి చెప్పండి, రెండోదానికి పసిపిల్లలకూ గర్భిణులకూ వేరే నీరివ్వండి, మూడోదానికి ట్యాంకర్లు పంపండి. మధ్య అంకె నేను వేసింది. మీ డాక్టర్లూ కెమిస్టులూ కూర్చుని దాన్ని మార్చుకోవచ్చు. అంకెంటూ ఉండాలి.

రెండోది. నమూనా ట్యాంకు దగ్గర కాకుండా పైపు చివర, శివారు కుళాయి దగ్గర పట్టండి. ఏడాదికోసారి రసాయన పరీక్ష చేస్తే చాలని మీ మార్గదర్శకాలు చెప్పొచ్చు, కానీ మా నీరు ఏడాదంతా ఒకేలా ఉండదు. సెప్టెంబరు నీటికి మంచి మార్కులొస్తే మే నెల నీరు పాసైనట్టు కాదు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నెలకొక్కసారైనా చేయండి. ఫలితం గ్రామ సచివాలయం గోడ మీద తెలుగులో, చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో అతికించండి, కింద తేదీ, కుళాయి ఉన్న చోటు రాయండి.

మూడోది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకు 55 లీటర్లే కాదు, ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పి కిట్లు ఇవ్వాలని కూడా ఉంది. మా ఊరి కిట్టు బీరువాలో ఉంది, అందులో రసాయనాల గడువు తీరిపోయింది, తాళం చెవి ఎవరి దగ్గరుందో వాకబు చేస్తున్నాం. కొత్త రసాయనాలు ఇప్పించండి. నేర్పే పని నేను ఉచితంగా చేస్తాను.

నాలుగోది. జూన్‌లో కాలువలకు నీరు వదిలినప్పుడు మొదట వచ్చేది వేసవంతా కాలువలో పేరుకున్న చెత్తను కడిగిన నీరు. మొదటి రెండు మూడు రోజుల నీరు మంచినీటి చెరువుల్లోకి ఎక్కించవద్దని లష్కర్లకూ (కాలువ కాపలాదారులకూ), పంపు ఆపరేటర్లకూ రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఐదోది. డ్రైన్ల నోళ్ల దగ్గర పోటు తలుపులు బాగుచేయండి, గుర్రపు డెక్క సార్వా (వానాకాలం వరి) నాట్లకు ముందే తీయించండి. తీసినదాన్ని గట్టు మీదే వదిలేస్తే మొదటి వానకు మళ్లీ అందులోకే దిగుతుంది, ఇది ప్రతి ఏడూ చూస్తున్న తమాషా. మంచినీటి నేలల్లో ఉప్పు బోర్లు వేసి రొయ్యలు పెంచడం ఆపించండి. చెరువు నీరు వదిలే ముందు తేర్చే గుంట ఒకటి ఉండాలని, చిన్న రైతులు పదిమంది కలిసి ఒక గుంట పెట్టుకుంటే సాయం చేస్తామని చెప్పండి. ఎవరు ఏ వారం వదలాలో వంతులు వేయండి. కాలువ నీటికి వంతులు పెట్టుకున్న డెల్టాయే కదా ఇది, మురుగు నీటికీ పెట్టుకోగలం.

ఆరోది. వచ్చిన అంకెలన్నీ దాచండి. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయినప్పుడు పెద్ద పెద్ద సంస్థలన్నీ దిగి నీటినీ, కూరగాయల్నీ, పాలనీ, నెత్తురునీ వెతకాల్సి వచ్చింది. నెత్తురులో సీసం, నికెల్ కనిపించాయని ఎయిమ్స్ చెప్పింది. అది నీటి వల్లేనని నేను అనడం లేదు. అలాంటి రోజు మళ్లీ వస్తే నిన్నటి నీటిలో ఏముండేదో చెప్పే పుస్తకం ప్రతి ఊళ్లోనూ ఉండాలి అంటున్నాను.

ఈ ఆరింటిలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, చేయలేకపోతే ఎందుకని, కాలువలు కట్టేసే లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. "పరిష్కరించబడినది" అని మాత్రం పంపకండి.

నమూనాల కోసం వచ్చేవాళ్లకు ఒక మనవి. క్రిముల పరీక్షకు నిల్వ నీరు పనికిరాదు, మా వీధి చివరి కుళాయికి నీరు వచ్చేది ఉదయం ఆరు నుంచి ఏడు దాకానే. ఆ లోపు రండి. కడిగి ఉడకబెట్టిన సీసాలు మా ఇంట్లో ఉన్నాయి. ఐసు పెట్టె మాత్రం మీరే తెచ్చుకోవాలి. కాఫీ ఇస్తాను, విరిగితే ఏమీ అనుకోవద్దు.

ఇట్లు,
శివారు ఊరి రిటైర్డ్ సైన్సు మాస్టారు,
మా వీధి ఆడవాళ్ల తరఫున కూడా